ఎడమ రెప్ప ఒక నూలు

పోయినవి ముందు చెప్తాను. నా భార్య ఒంటి బరువులో ఆరున్నర కిలోలు. ముందు పళ్లలో ఒకటి, గొంతులోకి గొట్టం దించేటప్పుడు కదిలి వారం తర్వాత ఊడింది. పద్దెనిమిది మట్టిగాజులు, చేతులకు సూదులు గుచ్చాలని నర్సు ఒక్కొక్కదాన్నీ దూది కప్పి చిట్లగొట్టింది. వాళ్లమ్మ పెట్టిన ముక్కుపుడక. దాన్ని తీసి కాగితంలో చుట్టి ఎవరి చేతికో ఇచ్చారు, ఆ చెయ్యి ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. తొమ్మిది రోజులు ఆమె ఊపిరి ఆమెది కాదు. నలభై రోజులు గొంతు గొంతు కాదు, టెంకాయ చిప్పను బండ మీద రాసినట్టు వచ్చేది. రవికలు కుట్టే మనిషికి సూదిలో దారం ఎక్కించే చూపు రెండు నెలలు లేదు. ఒక సూది రెండుగా కనపడేది, ఏది అసలుదో తెలియక చేతిలో ఉన్నదాన్ని పక్కన పెట్టేసేది. విషానికి విరుగుడు మందు ఇరవై సీసాలు ఆమె ఒంట్లోకి పోయింది. దాన్ని పోయినవాటిలో వెయ్యాలో వచ్చినవాటిలో వెయ్యాలో తెలియక విడిగా రాసుకున్నాను.

నా వైపు ఏం పోయిందో చెప్పాలంటే నా తోడల్లుడి గురించి చెప్పాలి. నా భార్య చెల్లెలి భర్త. నాకంటే ఆరేళ్లు చిన్న. ఆళ్లగడ్డలో శిల్పి. నేను నంద్యాలలో నాపరాళ్ల యార్డులో కొలతలు వేస్తాను. చదువు ఏడో తరగతి. హెచ్చవేతలు, భాగహారాలు, ఘనపుటడుగులు అన్నీ బండల మీద సుద్దముక్కతో నేర్చుకున్నవే. లారీ చుట్టూ ఒక్కసారి తిరిగి, అందులో ఎన్ని చదరపు అడుగుల బండ ఉందో చెప్పగలను. తేడా వస్తే ఐదడుగులకు మించదు.

మా మామ కూడా శిల్పే. పెళ్లయిన కొత్తలో నన్ను మూడు నెలలు తన షెడ్డులో కూర్చోబెట్టుకున్నాడు. నేను చెక్కిన ముక్కును వేలితో తడిమి, "నీ చెయ్యి లెక్కకు పనికొస్తాది నాయనా, ముక్కుకు పనికిరాదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాలుగేళ్లకు రెండో అల్లుడు వచ్చాడు. మామ షెడ్డు, ఉలులు, పేరు అన్నీ ఆయనకు పోయాయి. అందులో అన్యాయం ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మంట తగ్గదు. ఆళ్లగడ్డ పోయిన ప్రతిసారీ నా భార్య కొత్త విగ్రహం ముందు నిలబడి, "చూడు, ఊపిరి తీసుకుంటాండాది" అనేది. ఒకసారి ఒక్క పూటలో ఏడుసార్లు అంది. రాతి బరువు నేను కిలోతో సహా చెప్తే ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ నోరు తెరిచి చూడలేదు.

నాకంటూ పేరొచ్చిన సంగతి ఒకటే ఉంది. అది పాముకాటు వల్ల వచ్చింది.

పదకొండేళ్ల కిందట యార్డులో బండల దొంతర కదిలిస్తుంటే రక్తపింజర నా కుడికాలు చీలమండ పైన కొరికింది. నంద్యాల ఆసుపత్రిలో నర్సు నా కాలి చుట్టూ పెన్నుతో గీత గీసి, గంట గంటకూ టేపుతో కొలిచి రాసింది. తొమ్మిదంగుళాల కాలు సాయంత్రానికి పన్నెండున్నర అయింది. చిగుళ్ల నుంచి రక్తం కారింది. గాజు గొట్టంలో నా రక్తం కొంచెం పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి, తర్వాత వంచి చూశారు. నీళ్లలాగా జారింది. గడ్డ కట్టే గుణాన్నే ఈ విషం తినేస్తుందని డాక్టరు చెప్పాడు. మందు ఎక్కించిన ఆరు గంటలకు మళ్లీ పరీక్ష చేస్తే గొట్టం వంచినా రక్తం కదలలేదు. నొప్పిలో కూడా నాకు ఆ పద్ధతి నచ్చింది. ఇన్ని అంగుళాలు, ఇన్ని నిమిషాలు, ఇన్ని సీసాలు. విషానికి కూడా కొలత ఉందని సంతోషపడ్డాను.

అప్పటి నుంచి యార్డులో ఎవరిని ఏం కుట్టినా నా దగ్గరికే వచ్చేవాళ్లు. కుట్టిన చోట పురికొస చుట్టి, దాన్ని స్టీలు టేపు మీద పరిచి, పది నిమిషాలకోసారి కొలిచేవాణ్ణి. వాపు పెరిగితే వెంటనే ఆసుపత్రికి, పెరగకపోతే పనిలోకి. జెర్రి, కందిరీగ, పేరు తెలియని పాములు రెండు. ఎవరికీ ఏమీ కాలేదు. కోయిలకుంట్ల వైపు నుంచి పనికొచ్చే మనిషిని ఎర్రతేలు కుట్టినప్పుడు మాత్రం వేలు వాయలేదు. కానీ మనిషి చెమటతో తడిసిపోయాడు, చేతులు మంచుగడ్డలయ్యాయి, నాడి నిమిషానికి నూట నలభై. నాడి చూసి ఆసుపత్రికి పంపించాను. ఆ విషం గుండె మీదికి పోతుందని, ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరేదని అక్కడ చెప్పారట. వాపు లేకుండా కూడా విషం ఎక్కుతుందన్న సంగతి ఆ రోజే నేను కాట్ల లెక్క రాసుకునే పుస్తకంలోకి వచ్చింది. అయితే దాన్ని "తేలు" అని వేరే పేజీలో రాశాను. పాముల పేజీలో కలపలేదు.

రెండేళ్ల కిందట, మృగశిర కార్తెలో, ఆళ్లగడ్డ పోయాం. తోడల్లుడు ఒక పెద్ద అమ్మవారి విగ్రహం పూర్తి చేస్తున్నాడు, కళ్లు ఒక్కటే మిగిలాయి. అవి తీర్చే ముందు అక్క చూడాలని చెల్లెలు పిలిచింది. రాత్రి ఉక్కపోతకు ఆడవాళ్లిద్దరూ షెడ్డు వరండాలో చల్లటి బండల మీద చాపలు పరుచుకున్నారు.

నాలుగూ యాభైకి నా భార్య నన్ను లేపింది. కడుపులో మెలితిప్పుతోందని చెప్పింది.

"రాత్రి ఏం తిన్యావ్?"

"నువ్వు తిన్యదే. సంకటి, పప్పు."

"వాయువు. వాము నములు."

"వాయువు గాదయ్యా. నడిరేయి కాలు కాడ ఏదో చీమ కరిచినట్టుండె."

లైటు వేసి చూశాను. ఎడమ చీలమండ లోపలి వైపు రెండు చుక్కలు, సూదితో పొడిచినంత. ఎరుపు లేదు, మంట లేదు. పురికొస తీసుకుని చుట్టి కొలిచాను. ఐదూ ఐదుకు, ఎనిమిది అంగుళాల పావు.

మరదలు లేచి వచ్చింది. "బావా, ఆసుపత్రికి పోదాం పా. ఈడ రాళ్లల్లో ఏముంటాయో ఏమో" అంది.

"ఆగమ్మా. విషమైతే వాస్తాది. వాస్తే నా కొలతలో తెలుస్తాది" అన్నాను.

ఐదూ పదిహేనుకు ఎనిమిదింబావు. ఐదూ ఇరవై ఐదుకు ఎనిమిదింబావు. పక్కింటి ముసలామె, షెడ్డులో పనికొచ్చిన ఇద్దరు మనుషులు అప్పటికే చుట్టూ చేరారు. నేను పింజర సంగతి, గాజు గొట్టం సంగతి, ఇరవై నిమిషాల సంగతి అన్నీ చెప్తున్నాను. వాళ్లు వింటున్నారు. ఆ షెడ్డులో నా మాటను అంతమంది వినడం అదే మొదటిసారి. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ నిజం. నా భార్య కడుపు పట్టుకుని పడుకుని ఉంటే, నా లోపల హాయిగా ఉంది.

సరిగ్గా ఐదున్నరకు తోడల్లుడు టీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. నా టేపు వైపు చూడలేదు. వంగి, నా భార్య ముఖం వైపు చూశాడు. అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి, రాతిని చూసినట్టే.

"వదినా, పైకి చూడు" అన్నాడు. ఆమె చూసింది.

"అన్నా, వదినకు ఎడమ రెప్ప నూలు దిగిండాది. కుడిది అర నూలు."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. రాతి పనిలో, చెక్క పనిలో అందరికీ తెలిసిన కొలత. పదహారో ఎక్కం రాని మనిషి, టేపు లేకుండా, అర నూలు కూడా చెప్తున్నాడు.

"నిద్ర లేదు ఆమెకు. నిద్ర లేకుంటే రెప్పలు వాలవా?" అన్నాను.

"నిద్రకు రెండూ ఒకే తీరున వాల్తాయి. ఇది వేరేగా ఉండాది. రాత్రి అన్నాల కాడ రెండూ సమానంగా ఉండె."

ఆ మాట నా చెవిలో మరోలా పడింది. రాత్రి అన్నాల దగ్గర ఈయన నా భార్య కళ్లు చూశాడు. చూసి, కొలిచాడు. కొలిచి, గుర్తుపెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్లు కాపురం చేసిన నాకు ఆ కొలత తెలియదు.

"నా పెళ్లాం కండ్లు నువ్వెందుకప్పా కొలిచినావ్?" అన్నాను. అందరి ముందూ.

 మరదలు తల దించుకుంది. ఆయన చేతిలో గ్లాసులు ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటే బండ మీద పెట్టాడు. చివరి గ్లాసు పెట్టాక, "నా పని అదే గదన్నా" అన్నాడు. షెడ్డు లోపలికి పోయాడు.

నేను ఐదూ ముప్పై ఐదుకు కొలిచాను. ఎనిమిదింబావు. ఐదూ నలభై ఐదుకు, ఐదూ యాభై ఐదుకు కూడా. ప్రతిసారీ ఆ అంకెను షెడ్డు లోపలికి వినపడేట్టు గట్టిగా చెప్పాను.

ఆరూ పదికి మరదలు ఇచ్చిన టీ నా భార్య నోట్లో పోసుకుంది. మింగలేకపోయింది. టీ ముక్కులో నుంచి వచ్చింది. ఏదో అనబోయింది, మాట ముద్దయింది. రెండు రెప్పలూ పూర్తిగా మూసుకున్నాయి. నేను వేలితో రెప్ప ఎత్తితే లోపలి కన్ను నన్నే చూస్తోంది. ఆ కన్ను బాగానే ఉంది, దాన్ని తెరిచే శక్తే లేదు.

తోడల్లుడు నన్ను ఏమీ అడగలేదు. ఎవరి వ్యానో తెచ్చి గుమ్మం ముందు నిలిపాడు. "కాళ్లు పట్టన్నా, బేగా" అన్నాడు. వ్యాను కదిలేసరికి ఆరూ ఇరవై రెండు. ఇవన్నీ నా పుస్తకంలో ఉన్నాయి.

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. రెప్ప ఎత్తి చూసి, మెడ లేపమని చెప్పి, ఆమె లేపలేకపోతే వెంటనే సెలైనులో విరుగుడు మందు పది సీసాలు కలపమంది. నర్సు రక్తం తీసి గాజు గొట్టంలో పోసింది. ఇరవై నిమిషాలకు వంచితే గడ్డ కట్టి ఉంది. "గట్టింది! గట్టింది!" అని నేను లేచి నిలబడ్డాను, నా పింజర కాటు సంగతి చెప్పాను.

"కడుతుందండీ. ఇది రక్తం మీద పనిచేసే విషం కాదు" అంది డాక్టరు. "మిమ్మల్ని కరిచిన పింజర వేరు, ఇది కట్లపాము లక్షణం. కండను కదలమని నరం చెప్పే మాటను ఇది మధ్యలో కోసేస్తుంది. ముందు రెప్పలు, తర్వాత మింగడం, తర్వాత ఊపిరి. వాపు రాదు, నొప్పీ ఉండదు, చాలామందికి కాటు కూడా కనపడదు. తెల్లారి కడుపునొప్పి ఒక్కటే వస్తుంది." రాసుకుంటూ అడిగింది, "రెప్ప వాలడం మొదట ఎప్పుడు చూశారు?"

తోడల్లుడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. నా భార్య మంచం మీద, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది.

"బయల్దేరే ముందు" అన్నాను.

"అంటే?"

"ఆరూ ఇరవైకి."

డాక్టరు ఆ అంకె రాసుకుంది. తోడల్లుడు నా వైపు చూశాడు, తర్వాత గోడ వైపు చూశాడు. 

ఊపిరి తగ్గుతోందని గొంతులో గొట్టం వేసి, అంబులెన్సులో నంద్యాలకు పంపారు. నలభై కిలోమీటర్ల పైచిలుకు. అందులో ఉన్న సిబ్బంది మనిషి ఒక్కడే. సెలైను సీసా, మందు, మిషను అన్నీ ఒక్కడే చూసుకోవాలి. గొట్టానికి తగిలించిన రబ్బరు సంచి చూపించి, "ఎవరైనా దీన్ని పిసకండి, ఐదు సెకన్లకు ఒకసారి, మెత్తగా" అన్నాడు. నేను చెయ్యి చాచాను. నా చెయ్యి వణుకుతోంది. ఆ మనిషి నా చేతిని చూసి సంచిని తోడల్లుడికి ఇచ్చాడు. "మీరు లెక్కపెట్టండి" అని నాతో అన్నాడు.

దారి పొడవునా అంతే. నేను ఒకటీ రెండూ మూడూ నాలుగూ అంటాను, ఐదు అనగానే ఆయన పిడికిలి మూసుకుంటుంది, నా భార్య రొమ్ము లేస్తుంది. అది ఎంత ఒత్తిడో ఎవరూ ఆయనకు నేర్పలేదు. ఒక్కసారి కూడా ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. ఆమె విగ్రహాల గురించి అన్న మాట నాకు గుర్తొచ్చింది. ఈసారి ఆయన చేతిలో ఊపిరి తీసుకుంటున్నది నా భార్య. అటువంటి సమయంలో కూడా నాకు కుళ్లు పుట్టింది. ఆమె బతకాలని కోరుకుంటూనే, ఆ సంచి నా చేతిలో ఉండాలని కోరుకున్నాను. నంద్యాల ఆసుపత్రి గేటు చేరేసరికి ఆరువందల పద్నాలుగు ఊపిర్లు.

వెంటిలేటర్ మీద తొమ్మిది రోజులు. మరో పది సీసాలు ఎక్కించారు. రెండో రోజు అక్కడి పెద్ద డాక్టరును పట్టుకుని అడిగాను, ఇన్ని సీసాలు పోయినా చెయ్యి ఎందుకు కదలడం లేదని.

"మందు రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకుంటుంది. అప్పటికే నరాల కొసలకు చేరిన విషాన్ని ఊడదీయలేదు. పాడైన కొసలు మళ్లీ మొలవాలి, దానికి రోజులు పడతాయి."

"ఇంకొంచెం ముందు తెచ్చుంటే?"

"ఎంత ముందు?"

నా చెయ్యి పుస్తకం ఉన్న జేబు మీదికి పోయింది. "ముందొస్తే మంచిదే. కానీ ఇన్ని నిమిషాలకు ఇన్ని రోజులు తగ్గేవని ఎవరూ చెప్పలేరు" అని ఆయనే అన్నాడు. నా బతుకులో నాకు నిజంగా కావలసిన లెక్క అదొక్కటే. అది ఎవరికీ రాదట.

పోతూ పోతూ ఇంకో మాట అన్నాడు. "ఆమెతో మాట్లాడుతుండండి. కదల్లేదు గానీ తెలివి ఉంటుంది. మొదటి నుంచీ అన్నీ వినపడుతుంటాయి."

ఆమె ఇంటికొచ్చింది. పన్ను లేని నవ్వుతో, ఆ గరుకు గొంతుతో, వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పేది. "మా మరిది కన్ను మంచిది, లేకుంటే నేను లేను." ఆ తెల్లవారుజాము ఆమెకు ఎంత గుర్తుందో, మరదలు ఎంత చెప్పిందో నాకు తెలియదు. ఒక వారం ఆ మాటను లెక్కపెట్టాను. ముప్పై ఒకటి దాటాక మానేశాను.

తోడల్లుడు ఆ తర్వాత నంద్యాల రాలేదు. పోయినేడు రాయి లారీకి ఎక్కించాలి, బరువు చెప్పమని కబురు పెడితే నేనే ఆళ్లగడ్డ పోయాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర మందం. పన్నెండు ఘనపుటడుగులు. నల్లరాయి అడుగుకు ఎనభై ఐదు కిలోలు.

"వెయ్యీ ఇరవై" అన్నాను.

"నువ్వు చెప్పినాక తిరుగులేదన్నా" అన్నాడు. వెక్కిరింత కాదు. ఆయనకు వెక్కిరించడం రాదు, అది ఇంకా కష్టం. సుత్తి కింద పెట్టి, గొంతు తగ్గించి, "ఆ పొద్దు డాక్టరమ్మకు చెప్పిన టైము... నేను యాడా చెప్పల్యా. ఇంట్లో గూడా చెప్పల్యా" అన్నాడు.

"తెలుసప్పా."

"వదినకు నువ్వే చెప్పుకో. నేను చెప్తే బాగుండదు."

తల ఊపాను. నా తప్పును దాచి, దాచినందుకు గొప్పతనం కూడా ఆయనే తీసుకుపోయాడని బస్సులో కూర్చున్నాక అనిపించింది. చాగలమర్రి నుంచి వచ్చే ఆ బస్సు నంద్యాల చేరేలోపు చెప్పేద్దామని మూడుసార్లు అనుకున్నాను. చెప్తే ఆ రెప్ప నూలు ఆమె దృష్టిలో ఇంకా ఎత్తుకు పోతుంది, నా ఎనిమిదింబావు ఎక్కడ పడుతుందో తెలుసు. చెప్పలేదు.

పోయిన నెల ఆమె గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని రవికకు చేతికుట్టు వేస్తోంది. నేను ఎదురుగా బండల పట్టీ రాసుకుంటున్నాను. తల ఎత్తకుండానే అంది.

"అంబులెన్సులో నువ్వు లెక్కపెడతాంటే విన్యా. నాలుగు దాకా భయం, ఐదు అన్యాక గాలి. నువ్వు యాడన్నా తప్పుతావేమోనని అదే ఆలోచన. ఒక్కసారి గూడా తప్పల్యా."

ఇన్నేళ్లలో నా లెక్క గురించి ఆమె అన్న మొదటి మంచి మాట. నేను పెన్ను కదపలేదు.

ఆమె దారం పళ్లతో కొరికి, ఊడిన పన్ను సందులో అది జారితే మళ్లీ పక్క పన్నుతో కొరికింది.

"ఆళ్లగడ్డ ఆసుపత్రిలో గూడా అన్నీ వినపడతాండె" అంది. "రెప్ప ఎప్పుడు వాలిందని ఆ డాక్టరమ్మ అడిగింది గదా. నువ్వేం చెప్పినావ్?"

ఇప్పుడు సూది ఆపి నా వైపు చూస్తోంది. రెండు రెప్పలూ సమానంగా ఉన్నాయి.

"గుర్తు లేదే" అన్నాను.

అంకె గుర్తు లేదని నా నోటి నుంచి ఆమె ఎప్పుడూ వినలేదు.  ఆమె రవిక మడత పెట్టి లోపలికి పోయింది. మళ్లీ అడగలేదు, అడుగుతుందని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

రెప్ప దిగిందని ఆయన చెప్పింది ఐదున్నరకు. వ్యాను కదిలింది ఆరూ ఇరవై రెండుకు. ఆమెకు నేను చెప్పాల్సినవి యాభై రెండు నిమిషాలు.